శుభ్రం చేసిన మర్నాడే మొరాయించే రైఫిల్: ఒక ఎస్‌ఎల్‌ఆర్ కేస్ స్టడీ

ఈ రైఫిల్ నా బెంచీ మీదికి వచ్చిన రోజున దానికి కట్టిన చీటీలో ఒకే ఒక వాక్యం ఉంది: "రెండో రౌండు ఎక్కడం లేదు." ఆ ఒక్క వాక్యం వెనుక మూడు లోపాలు ఉన్నాయని, వాటిలో అసలైనదాన్ని ఎవరో మంచి ఉద్దేశంతోనే చేసిన ఒక చిన్న సర్దుబాటు ఏళ్ల తరబడి కప్పిపెట్టిందని తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మొదటి వారంలో నేనూ పొరబడ్డాను. ఆ పొరపాటుతో సహా మొత్తం క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే కొత్తగా ఆర్మరర్ పనిలోకి, అంటే ఆయుధాల మరమ్మతు పనిలోకి, వచ్చే పిల్లలకు విడిభాగాల పట్టిక కంటే ఒక రైఫిల్ చరిత్ర ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

రైఫిల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసిన 7.62 ఎం.ఎం. 1ఏ1. మన దళాల్లో ఆ పేరుతో పిలిచేవారు లేరు, ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) అంటేనే అందరికీ తెలుస్తుంది. బెల్జియం దేశపు డిజైనర్ ద్యుదొనే సేవ్ రూపొందించిన ఎఫ్‌ఎన్ ఫాల్ కుటుంబానికి చెందిన ఆయుధమిది. 1971 యుద్ధంలో మన పదాతి సైనికుల చేతుల్లో ఉన్నది ఇదే. 1990ల చివర్లో సైన్యం 5.56 ఎం.ఎం. ఇన్సాస్ రైఫిల్ వైపు మళ్లిన తర్వాత కూడా పోలీసు విభాగాల్లో సెంట్రీ డ్యూటీకి, శిక్షణకు ఇవి నిలిచిపోయాయి. అంటే నేను చూసే ప్రతి ఎస్‌ఎల్‌ఆర్ దశాబ్దాల వయసున్నదే, ఎన్నో చేతులు మారినదే. హైదరాబాద్‌లోని ఒక సాయుధ విభాగపు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) పదిహేడో గూటిలో ఉండేది కాబట్టి దీన్ని ఇక్కడ పదిహేడు అనే పిలుస్తాను. దాని పక్కనే, అదే వయసుది, ఏ ఫిర్యాదూ లేనిది పద్దెనిమిది. ఈ కథలో పద్దెనిమిదికి కూడా పెద్ద పాత్రే ఉంది.

ముందుగా ఒక మాట. ఇది విభాగపు ఆయుధం, నేను అధికారికంగా దాని మరమ్మతు బాధ్యత ఉన్నవాణ్ణి. సొంత లైసెన్సు మీద తుపాకి ఉన్న పౌరుడు ఇలాంటి పనికి స్వయంగా పూనుకోకూడదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ మరమ్మతుకు కూడా వేరే లైసెన్సు ఉండాలని చెబుతోంది. అటువంటి లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరికే ఆ తుపాకి వెళ్లాలి.

గ్యాస్ చేసే పని

ఎస్‌ఎల్‌ఆర్‌లో గుండు బారెల్ చివరికి చేరేలోపు, బారెల్ పైభాగంలో ఉన్న చిన్న రంధ్రం గుండా, మందు కాలినప్పుడు పుట్టిన గ్యాస్ కొంత పైనున్న గ్యాస్ బ్లాకులోకి వెళ్లి, పిస్టన్ తలను వెనక్కి కొడుతుంది. పిస్టన్ కొంత దూరమే ప్రయాణించి, బ్రీచ్ బ్లాక్‌ను (బారెల్‌ను వెనుక నుంచి మూసే ఉక్కు దిమ్మెను) మోసే క్యారియర్‌ను ఒక్క తాపు తన్ని, తన స్ప్రింగ్ బలంతో తిరిగి ముందుకు వచ్చేస్తుంది. క్యారియర్ మాత్రం ఆ తాపు ఊపుతో వెనక్కి పోతూ బ్రీచ్ బ్లాక్ వెనుక భాగాన్ని పైకి లేపి తాళం విడిపిస్తుంది, ఎంప్టీని (కాల్చిన రౌండు ఖాళీ ఇత్తడి కేస్‌ను) ఛాంబర్ నుంచి, అంటే బారెల్ వెనుక కొసన రౌండు కూర్చునే గూటి నుంచి, లాగుతుంది, రిసీవర్‌లో కదలకుండా ఉన్న ఎజెక్టర్‌కు తగిలించి కుడివైపుకు విసిరేస్తుంది, బట్‌లోని రెండు రిటర్న్ స్ప్రింగులను నొక్కి, వాటి తోపుడుతో తిరిగి వస్తూ మ్యాగజైన్‌లోని పై రౌండును ఛాంబర్‌లోకి నెడుతుంది. ఈ మొత్తం పనికి మూలధనం ఆ ఒక్క తాపే. అది చాలకపోతే క్యారియర్ సగం దూరం పోయి తిరిగి వస్తుంది. అప్పుడు ఎంప్టీ బయటపడినా కొత్త రౌండు ఎక్కదు. ట్రిగ్గర్ నొక్కిన జవానుకు "టక్" మన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

తాపు ఎంత ఉండాలో నిర్ణయించడానికే గ్యాస్ రెగ్యులేటర్ ఉంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. రెగ్యులేటర్ స్లీవ్‌ను తెరిచేకొద్దీ గ్యాస్ బయటికి ఎక్కువగా పోతుంది కాబట్టి పిస్టన్‌కు తక్కువ అందుతుంది. మూసేకొద్దీ పిస్టన్‌కు ఎక్కువ అందుతుంది. కుళాయి అలవాటుతో ఆలోచించేవాడు దీన్ని తిరగేసి పట్టుకుంటాడు. సరైన సెట్టింగు పద్ధతి చాలా ఏళ్లుగా మారలేదు: పూర్తిగా తెరిచిన స్థానం నుంచి మొదలుపెట్టి, మ్యాగజైన్‌లో ఒక్కొక్క రౌండే పెట్టి కాలుస్తూ, ప్రతిసారీ ఒక్కో క్లిక్ మూస్తూ వెళ్లాలి. రైఫిల్ నమ్మకంగా పనిచేయడం మొదలైన చోట ఆగి, మట్టి, చలి, మసి కోసం ఇంకో రెండు క్లిక్కులు మూయాలి. అంతకు మించి మూయకూడదు.

మొదటి వారం, నా పొరపాటు

వార్షిక ఫైరింగ్‌లో ఈ పదిహేడో గూటి రైఫిల్‌తో 40 రౌండ్లు కాల్చారు. ఆరుసార్లు ఆగింది. నాలుగుసార్లు కొత్త రౌండు ఎక్కలేదు. రెండుసార్లు ఎంప్టీ ఛాంబర్‌లోనే ఉండిపోయింది, దాన్ని క్లీనింగ్ రాడ్‌తో మూతి వైపు నుంచి తోసి తీశారు. ఆ రెండు ఎంప్టీలను ఎవరో బుద్ధిమంతులు పారేయకుండా చీటీకి కట్టి పంపారు. ఎంప్టీల లెక్క అప్పజెప్పడం ఎలాగూ తప్పదు, కానీ ఆగిపోయిన ఎంప్టీని విడిగా దాచి ఆర్మరర్‌కు చేర్చేవాడు నూటికి ఒకడు. అతనికి ఇప్పటికీ నా కృతజ్ఞతలు.

రెండింటి అంచూ ఒకే తీరుగా చిరిగి ఉంది. ఎంప్టీని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పంజా పట్టిన చోట ఇత్తడి గోటితో గీరినట్టు లేచిపోయింది. బ్రీచ్ బ్లాక్ విప్పి చూస్తే ఎక్స్‌ట్రాక్టర్ పంజా కొస పదును పోయి గుండ్రబడింది. దాని స్ప్రింగును కొత్త స్ప్రింగు పక్కన నిలబెడితే కంటికే తేడా కనిపించింది, వెర్నియర్ మీద సుమారు ఒక మిల్లీమీటరు పొట్టిగా తేలింది. బెంచీ మీద నేను చేసే పరీక్ష ఒకటుంది: విడిగా తీసిన బ్రీచ్ బ్లాక్ ముఖానికి ఒక ఎంప్టీని ఎక్స్‌ట్రాక్టర్ కిందికి జొనిపి, బ్లాకును చేత్తో పట్టుకుని మణికట్టు ఊపుతో రెండుమూడు సార్లు ఆడించాలి. ఆరోగ్యంగా ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ ఎంప్టీని వదలదు. పదిహేడుది మొదటి ఊపుకే వదిలేసింది, ఇత్తడి కేస్ బెంచీ మీద గణగణమని దొర్లింది.

నాకు జవాబు దొరికిందనుకున్నాను. ఎక్స్‌ట్రాక్టర్, స్ప్రింగు రెండూ మార్చాను. అదే వారం రేంజికి తీసుకువెళ్లి 20 రౌండ్లు కాల్పించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. చీటీ మీద "సరిచేయబడినది" అని రాసి పంపేశాను.

ఆ పరీక్షలో నేను చేసిన తప్పు ఏమిటంటే, ఫైరింగ్ నుంచి వచ్చిన రైఫిల్‌ను గ్యాస్ వైపు శుభ్రం చేయకుండానే కాల్పించాను. బ్రీచ్ బ్లాక్ మాత్రం విప్పి తుడిచాను. పిస్టన్, గ్యాస్ ట్యూబ్ మసి అలాగే ఉండిపోయింది. ఇంకో తప్పు కూడా చేశాను: రెగ్యులేటర్ ఎక్కడుందో చూడలేదు.

పదో రోజు

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు పొద్దున్న ఆ విభాగపు యువ కానిస్టేబుల్ ఒకతను రైఫిల్ పట్టుకుని స్వయంగా వచ్చాడు. జూలై వాన కురుస్తోంది. రైఫిల్‌ను తన రెయిన్‌కోటులో చుట్టి తెచ్చాడు, తాను మాత్రం తడిసి ఉన్నాడు.

"సార్, నిన్న సాయంత్రం మంచిగ సాఫ్ చేసిన సార్. పిస్టన్ తీసి, గ్యాస్ ట్యూబ్ అంతా తుడిచిన. పొద్దుగాల కాలిస్తే మళ్లా గదే లొల్లి. పది రౌండ్లకు నాలుగుసార్లు ఆగింది."

"సాఫ్ చేయకముందు ఎట్లుండె బాబూ?"

"మంచిగుండె సార్. ఎప్పుడైనా గట్లనే సార్ ఇది. సాఫ్ చేస్తే ఆగుతది. మా హెడ్ సాబ్ అయితే దీన్ని ఎక్కువ సాఫ్ చేయొద్దని చెప్పిండు."

ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్న నేను ఆ మాట విని కాసేపు కూర్చుండిపోయాను. శుభ్రం చేస్తే ఆగిపోయే యంత్రం ఉండదు. శుభ్రం చేసినప్పుడు తొలగిపోయేది ఏదో ఆ రైఫిల్‌లో ఒక భాగం చేయాల్సిన పనిని చేస్తోందన్నమాట. ఆ అబ్బాయి చెప్పిన ఆ ఒక్క ముక్క, నా బెంచీ మీదున్న గేజ్‌లన్నిటికంటే విలువైనది. ఫిర్యాదు రాసిన చీటీలో అది లేదు, అడగనందువల్ల నాకూ తెలియలేదు. అప్పటినుంచి రైఫిల్‌తో పాటు దాన్ని కాల్చిన మనిషిని కూడా పిలిపించమని కోరుతున్నాను.

అప్పుడే రెగ్యులేటర్ చూశాను. చివరి క్లిక్ దాకా మూసేసి ఉంది. ఎవరు మూశారో, ఎప్పుడు మూశారో హిస్టరీ షీటులో లేదు. తాపు చాలడం లేదని తోచినప్పుడల్లా ఒక క్లిక్, ఇంకో ఏడాది ఇంకో క్లిక్, అలా మూస్తూ వచ్చి ఉంటారు. మూసినప్పుడల్లా రైఫిల్ కొంతకాలం బాగుపడింది కాబట్టి అది సరైన మందే అనుకున్నారు.

కాల్చే ముందు చూడాల్సినవి

తెలియని లోపమున్న రైఫిల్‌ను మళ్లీ కాల్చే ముందు హెడ్‌స్పేస్ (మూసిన బ్రీచ్ బ్లాకుకూ, ఛాంబర్‌లో రౌండు ఆనే చోటుకూ మధ్య ఉండే ఖాళీ) చూడకుండా ఎవరినీ దాని వెనుక పడుకోబెట్టను. ఎస్‌ఎల్‌ఆర్‌లో బ్రీచ్ బ్లాక్ వెనుక భాగం రిసీవర్‌లో అడ్డంగా బిగించిన గట్టి ఉక్కు లాకింగ్ షోల్డర్‌కు ఆనుకుంటుంది. అది వేర్వేరు మందాల్లో తయారై వస్తుంది, ఏ రైఫిల్‌కు ఏది సరిపోతుందో కొలిచి బిగిస్తారు. అందుకే ఒక రైఫిల్ బ్రీచ్ బ్లాకును ఇంకో రైఫిల్‌లో వేసి పరీక్షించడం నేరమంత తప్పు. ఆ ఖాళీ పెరిగితే ఎంప్టీ అడుగుకు కాస్త పైన మెరిసే గీత పడుతుంది, ముదిరితే కేస్ అక్కడే రెండుగా తెగుతుంది. పదిహేడులో ఆ ఖాళీ కనీస హద్దు చూసే గో గేజ్ మీద బ్రీచ్ మూసుకుంది, గరిష్ఠ హద్దు చూసే నోగో గేజ్ మీద మూసుకోలేదు. ఎంప్టీల మీద అలాంటి గీత కూడా లేదు. ఆ వైపు నిశ్చింత.

గ్యాస్ బ్లాకు ముందు మూతలా ఉండే గ్యాస్ ప్లగ్ సరైన స్థానంలోనే ఉంది. గ్రెనేడ్ కాల్చడానికి గ్యాస్‌ను పూర్తిగా ఆపేసే స్థానం కూడా ఆ ప్లగ్‌కే ఉంటుంది. దాన్ని తిప్పి బిగిస్తే రైఫిల్ ప్రతి రౌండుకూ చేత్తో కాక్ చేయాల్సి వస్తుంది. నా అనుభవంలో "పని చేయడం లేదు" అని వచ్చే ఎస్‌ఎల్‌ఆర్‌లలో కొన్ని కేవలం దీనివల్లే వస్తాయి, అయిదు నిమిషాల్లో తిరిగి వెళ్లిపోతాయి.

రిటర్న్ స్ప్రింగులకు ఒక సులువైన పరీక్ష చేశాను. ఖాళీ రైఫిల్‌ను మూతి పైకి ఏటవాలుగా పట్టుకుని, కాకింగ్ హ్యాండిల్‌ను నెమ్మదిగా వెనక్కి లాగి నెమ్మదిగానే వదలాలి. క్యారియర్ ఎక్కడా నిలబడకుండా పూర్తిగా ముందుకు చేరాలి. చేరింది. క్యారియర్ వెనుకుండే సన్నని కడ్డీ కూడా వంగి లేదు.

తర్వాత మ్యాగజైన్లు, మందుగుండు. పద్దెనిమిదో గూటి రైఫిల్ మ్యాగజైన్‌ను పదిహేడో గూటిదానికి పెట్టాను, అదే పెట్టెలోని రౌండ్లు వేశాను. మూడో రౌండుకే ఆగింది. పదిహేడో గూటిదాని మ్యాగజైన్, అదే పెట్టెలోని పది రౌండ్లు పద్దెనిమిదో గూటిదానికి ఇస్తే అన్నీ పోయాయి. లోపం రైఫిల్‌దే.

రెగ్యులేటర్‌ను కొలబద్దగా వాడటం

ఇక్కడ ఈ కేస్ మలుపు తిరిగింది. రెగ్యులేటర్‌ను సాధారణంగా లోపం సర్దడానికి వాడతాం. నేను ఆ రోజు లోపం ఎంతుందో కొలవడానికి వాడాను. రెండు రైఫిళ్ల గ్యాస్ వైపునూ ఒకే విధంగా, పూర్తిగా శుభ్రం చేశాను. రెండింటి రెగ్యులేటర్లనూ పూర్తిగా తెరిచి, ఒక్కొక్క రౌండే మ్యాగజైన్‌లో పెట్టి, క్లిక్ క్లిక్‌గా మూస్తూ కాల్పించాను. పద్దెనిమిది నాలుగో క్లిక్ దగ్గర నమ్మకంగా పనిచేయడం మొదలుపెట్టింది. పదిహేడు మాత్రం నాలుగో, అయిదో, ఆరో క్లిక్ దాటినా ఎంప్టీని కాళ్ల దగ్గరే పడేసింది. చివరి క్లిక్ దగ్గర మూడు రౌండ్లలో రెండుసార్లు పనిచేసింది, ఒకసారి ఎంప్టీ తిరిగి వచ్చే బ్రీచ్ బ్లాకుకు చిక్కి నిటారుగా నిలబడింది.

అంటే గ్యాస్ బ్లాకులోకి వచ్చిన గ్యాస్‌లో పెద్ద వంతు పిస్టన్‌కు చేరకుండా ఇంకెక్కడో పోతోంది. రెగ్యులేటర్ మూసి ఉన్నప్పుడు కూడా పోతోంది కాబట్టి అది రెగ్యులేటర్ దారి కాదు.

మొదట అనుమానం పిస్టన్ మీదికి పోయింది. స్ప్రింగు తీసేసి పిస్టన్‌ను గ్యాస్ ట్యూబులో వేసి రైఫిల్‌ను అటూ ఇటూ వంచితే తన బరువుకే జారింది, ఎక్కడా రాపిడి లేదు. అద్దపు పలక మీద దొర్లిస్తే వంకర లేదు. తల వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలిస్తే పద్దెనిమిది పిస్టన్‌తో సరిపోయింది. అయినా నమ్మకం కోసం పద్దెనిమిది పిస్టన్‌నే వేసి కాల్పించాను. తేడా లేదు. బారెల్ మీది గ్యాస్ రంధ్రం కూడా తెరుచుకునే ఉంది, మసి కొంచెమే. ఆ రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేసి గ్యాస్ పెంచుదామనే ఆలోచన కొందరికి వస్తుంది. అది ఎప్పటికీ చేయకూడని పని. బారెల్‌లో తీసిన లోహం తిరిగి రాదు.

గ్యాస్ ట్యూబ్ ముందు భాగం గ్యాస్ బ్లాకులోకి మరలతో బిగుసుకుంటుంది, అది తిరగకుండా ఒక చిన్న పిన్ను అడ్డంగా కొడతారు. హ్యాండ్‌గార్డులు (చేత్తో పట్టుకునే ముందు తొడుగులు) విప్పి, పిస్టన్ తీసి, ట్యూబును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పి చూశాను. కదిలిందా లేదా అని సందేహించేంత చిన్న ప్లే. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పాను. గోటితో తట్టినట్టు "టిక్" అని వినిపించింది. పద్దెనిమిదిలో అది లేదు.

చప్పుడు ఒక్కటే ఆధారం కాకూడదని సుద్ద పరీక్ష చేశాను. జాయింటు చుట్టూ నూనె పూర్తిగా తుడిచి, బడిలో వాడే మామూలు తెల్ల సుద్దను నలిపి, వేలితో పలుచగా పులిమాను. రెగ్యులేటర్‌ను చివరిదాకా మూసే ఉంచాను, ఎందుకంటే తెరిచి ఉంటే దాని దారిలో వచ్చే మసి సహజమైనదే, అది సాక్ష్యాన్ని పాడుచేస్తుంది. హ్యాండ్‌గార్డులు బిగించి ఒకే ఒక్క రౌండు కాల్పించి, మళ్లీ విప్పాను. తెల్లటి సుద్ద మీద, జాయింటు ఎడమ పక్క కింద, బియ్యపు గింజంత వెడల్పున మొదలై విసనకర్రలా వెనక్కి విచ్చుకున్న నల్లటి చార. పక్కనే నిలబడి చూస్తున్న ఆ కానిస్టేబుల్ "ఇక్కడి నుంచి పోతుంది సార్ గాలంతా" అన్నాడు. దాన్ని మించిన నివేదిక నేను రాయలేను.

మసి చేసిన ఉపకారం, అపకారం

ఇప్పుడు శుభ్రం చేస్తే ఆగడమనే చిక్కు విడిపోయింది. కాల్చేకొద్దీ ఆ సందులో మసి గట్టిపడి లక్క పోసినట్టు దాన్ని మూసేస్తోంది. శుభ్రం చేసినప్పుడల్లా ఆ లక్క ఊడిపోతోంది. నా లెక్క సరైనదో కాదో చూడటానికి, శుభ్రంగా ఉన్న పదిహేడుతో, రెగ్యులేటర్ మూసే ఉంచి, మధ్యలో తుడవకుండా 30 రౌండ్లు కాల్పించాను. మొదటి పదకొండులో నాలుగుసార్లు ఆగింది. పన్నెండో రౌండు నుంచి ఒక్కసారీ ఆగలేదు. కానీ అక్కడినుంచి ఎంప్టీలు పడే చోటు మారింది. మొదట్లో జవాను మోచేతి పక్కన రేంజి మొరం మీద పడినవి, చివరికి దూరంగా రాతిగుండు దాకా ఎగిరి పోయాయి.

ఎంప్టీలు ఎగిరిన దూరమే నాకు రెండో లోపం కథ చెప్పింది. సందు మూసుకున్నాక, పూర్తిగా మూసిన రెగ్యులేటర్ తెచ్చే గ్యాస్ మొత్తం పిస్టన్ మీద పడుతోంది. క్యారియర్ అవసరానికి మించిన వేగంతో వెనక్కి పోతోంది. ఛాంబర్‌లో ఒత్తిడి ఇంకా పూర్తిగా దిగకముందే, ఇత్తడి కేస్ ఛాంబర్ గోడలను అంటుకుని ఉండగానే, ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని లాగాల్సి వస్తోంది. అప్పుడు అంచు చిరుగుతుంది, పంజా కొస అరుగుతుంది, స్ప్రింగు కుంగుతుంది. మొదటి వారంలో నేను మార్చిన ఎక్స్‌ట్రాక్టర్ అరగడానికి కారణం దాని వయసు మాత్రమే కాదు. తక్కువ గ్యాస్ అనే రోగానికి ఇచ్చిన మందు, మసి పట్టిన రోజుల్లో ఎక్కువ గ్యాస్ అనే రోగమైంది. ఒకే రైఫిల్ ఒకే రోజున పొద్దున్న బలహీనంగా, సాయంత్రం దూకుడుగా ఉండేది. రెంటినీ కలిపి చూసే మనిషి లేక ఎవరికి కనిపించిన సగాన్ని వారు సరిచేశారు. వారిలో నేనూ ఒకణ్ణి.

నేను పెట్టిన కొత్త ఎక్స్‌ట్రాక్టర్‌ను భూతద్దం కింద చూశాను. నూరు రౌండ్లు కూడా కాల్చకుండానే పంజా కొస మీద మెరుపు మొదలైంది. అలాగే వదిలేసి ఉంటే వచ్చే వార్షిక ఫైరింగ్‌కు ఇదీ పాతదానిలాగే తయారయ్యేది.

మూడోది చిన్నది. ఛాంబర్‌లో ఇరుక్కున్న ఆ రెండు ఎంప్టీలనూ దీపం వెలుగులో తిప్పి చూస్తే, కేస్ సన్నబడే భుజానికి కాస్త కింద ఒకే చోట రెండు సన్నని గీతలు ఉన్నాయి. కొత్తగా కాల్చిన ఎంప్టీలను బొటనవేలి గోరుతో తడిమితే అదే చోట రెండు చిన్న బుడిపెలు తగిలాయి. ఛాంబర్ గోడలో తుప్పు తిన్న గుంటల్లోకి ఇత్తడి ఒత్తుకున్నందువల్ల అవి అలా వస్తాయి. వానాకాలంలో కాల్చిన రైఫిల్‌ను బారెల్ మాత్రం తుడిచి, ఛాంబర్‌ను పుల్‌త్రూ చిందీకి (తాడుతో బారెల్‌లోంచి లాగే గుడ్డకు) వదిలేస్తే ఇదే జరుగుతుంది, ఎందుకంటే బారెల్ కొలతకు కోసిన ఫ్లానెలెట్ ముక్క వెడల్పైన ఛాంబర్ గోడలను సరిగా తాకదు. ఛాంబర్ బ్రష్ వేరే ఉన్నది అందుకే. బ్రష్‌తో, నూనెతో రెండు రోజులు ఓపికగా పనిచేస్తే తుప్పు పోయింది, గుంటలు మిగిలాయి. ఎమెరీ కాగితం ముట్టలేదు. గుంటలు నునుపు చేయబోయి ఛాంబర్ కొలత పెంచితే బారెల్ మొత్తం పోతుంది. గ్యాస్ సరైన మోతాదులో ఉంటే ఈ రెండు గుంటలు ఎంప్టీని పట్టి ఉంచేంత పెద్దవి కావని నా అంచనా. బారెల్‌ను గమనికలో ఉంచమని షీటులో రాశాను.

మరమ్మతు, తిరిగి పరీక్ష

గ్యాస్ ట్యూబ్ పని నా స్థాయిది కాదు. పిన్ను తీసి చూస్తే అది దూరే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి ఉంది. దాంతో పిన్ను పట్టు వదిలి, మరలు వదులయ్యాయి. ఏదైనా గమ్ము పూసి మరలు బిగించి పాత పిన్నే కొట్టి పంపేయవచ్చు, కొన్ని నెలలు నడుస్తుంది కూడా. అలా చేయడం ఇంతకాలం రెగ్యులేటర్‌తో చేసిన పనినే ఇంకో రూపంలో చేయడమవుతుంది కాబట్టి, కారణాలన్నీ రాసి, సుద్ద మీది చార ఫోటో జతచేసి పై స్థాయి వర్క్‌షాపుకు పంపాను. నాలుగు వారాలకు తిరిగి వచ్చింది. ట్యూబును బిగించి, రంధ్రాన్ని సరిచేసి, దానికి తగ్గ కాస్త లావు పిన్ను కొట్టారు.

తిరిగి వచ్చిన రైఫిల్‌కు మళ్లీ ఒకసారి మెరుపు పడిన ఎక్స్‌ట్రాక్టర్‌ను తీసేసి కొత్తది వేశాను. హెడ్‌స్పేస్ మళ్లీ చూశాను. గ్యాస్ వైపు పూర్తిగా శుభ్రం చేసి, రెగ్యులేటర్‌ను తెరిచిన స్థానం నుంచి మొదలుపెట్టాను. అయిదో క్లిక్ దగ్గర పనిచేసింది. రెండు క్లిక్కులు మూసి ఏడు దగ్గర ఉంచాను. పద్దెనిమిదో గూటి రైఫిల్ ఆరో క్లిక్ దగ్గర ఉంది. ఒకే వయసు రైఫిళ్ల మధ్య ఒక క్లిక్ తేడా సహజం.

ఈసారి పరీక్షను రెండు భాగాలు చేశాను. శుభ్రంగా ఉన్నప్పుడు 30 రౌండ్లు, ఆ తర్వాత తుడవకుండా ఇంకో 30. అరవైలో ఒక్కటీ ఆగలేదు. అంతకంటే నాకు ముఖ్యంగా కనిపించింది వేరే ఉంది: మొదటి ముప్పై ఎంప్టీలు, చివరి ముప్పై ఎంప్టీలు దాదాపు ఒకే చోట పడ్డాయి. కానిస్టేబుల్ వాటిని రెండు టోపీల్లోకి విడివిడిగా ఏరాడు. ఏ టోపీలోనూ అంచు చిరిగిన ఎంప్టీ లేదు. బుడిపెలు మాత్రం అన్నిటి మీదా ఉన్నాయి, అవి ఉంటాయి.

ఆ విభాగపు హిస్టరీ షీటులో ఒక కొత్త గడి గీయించాను: "రెగ్యులేటర్, పనిచేసిన క్లిక్ / ఉంచిన క్లిక్." ఫైరింగ్ తర్వాత ఎవరైనా రెగ్యులేటర్ ముట్టుకుంటే ఆ గడిలో రాయాలి. పనిచేసే క్లిక్ సంఖ్య ఏడాదికేడాది పెరుగుతూ పోతుంటే ఆ రైఫిల్ ఎక్కడో గ్యాస్ వదులుతోందని, ఎవరూ బెంచీ మీద విప్పకముందే ఆ గడి చెబుతుంది. పదిహేడు విషయంలో అలాంటి గడి ఉండి ఉంటే, ఎక్స్‌ట్రాక్టర్ అరగకముందే ట్యూబ్ సంగతి బయటపడేది.

రెండు నెలల తర్వాత, దసరా ఆయుధ పూజకు ముందు రోజు, ఆయుధాలన్నీ విప్పి తుడుస్తున్న సమయంలో నేను వెళ్లాను. మధ్యలో ఆ రైఫిల్ రెండు ప్రాక్టీసులు చేసింది, షీటులో రెండుసార్లూ "స్టాపేజీలు లేవు" అని ఉంది. రెగ్యులేటర్ ఏడు దగ్గరే ఉంది. గడిలో ఎవరూ కొత్తగా ఏమీ రాయలేదు. అదే కానిస్టేబుల్ హ్యాండ్‌గార్డులు విప్పి, నేను అడగకుండానే జేబులోంచి సుద్దముక్క తీసి, గత ప్రాక్టీసుకు ముందు తానే జాయింటు చుట్టూ పూసిన పూతను చూపించాడు. నూనె తగిలి అక్కడక్కడా పసుపు తిరిగింది తప్ప, ఎడమ పక్క కింద అది తెల్లగానే ఉంది.